కొంగు చాటు చెయ్యి

మొన్న మా అమ్మాయి కారు కొనుక్కుంటానంటే తోడు వెళ్ళాను. బందరు రోడ్డులో షోరూము. బయట విజయవాడ ఎండ, లోపల వణికించే చలి. మెడకు టై కట్టుకున్న కుర్రాడొకడు ఎదురొచ్చి, మా ఇద్దరికీ నీళ్ళ సీసాలిచ్చి, కారు చుట్టూ తిప్పుతూ గడగడా ఏవేవో చెప్పాడు. నాకు అందులో ఒక్క ముక్క ఎక్కలేదు. నా పద్ధతిలో నేను చూసుకున్నాను. కారు పక్కన కాస్త వంగి, ఒక కన్ను మూసి, తలుపు మీద మెరుస్తున్న లైట్ల వరసను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశాను. తర్వాత చీర కొంగు అరచేతికి చుట్టుకుని తలుపును మెల్లగా నిమిరాను.

"అమ్మా! దుమ్మేం లేదు, తుడవక్కర్లేదు," అంది మా అమ్మాయి పళ్ళబిగువున.

"తుడవటం కాదే, చూస్తున్నా."

"చేత్తోనా?"

"చేత్తోనూ, కంటితోనూ. నీకేం తెలుసు, ఊరుకో."

కుర్రాడు మర్యాదస్తుడు, నవ్వాపుకున్నాడు. మా అమ్మాయి మాత్రం "మా అమ్మావాళ్ళది ఆటోనగర్ అండీ" అని, అదేదో నయంకాని జబ్బు పేరు చెప్పినట్టు చెప్పింది. నాకు కోపం రాలేదు సరిగదా, ఉన్నట్టుండి థిన్నరు వాసన గుప్పుమని ముక్కుకు కొట్టింది. ఆ అద్దాల షోరూములో థిన్నరెక్కడిది! అది నా చిన్నప్పటి వాసన.

అప్పటి ఆటోనగర్‌లో అద్దాల తలుపులు లేవు. అన్నీ రేకుల షెడ్లే. రోడ్డు మట్టిదే, ఆ మట్టి కూడా ఇంజనాయిలు తాగి తాగి నల్లబడి, నాలుగు చినుకులు పడితే చాలు జర్రున జారేది. ఒక షెడ్డులో లారీలకు చెక్క బాడీలు కడుతుంటే పచ్చి రంపంపొట్టు వాసన, పక్క షెడ్డులో వెల్డింగు వాసన, దాని పక్కన రంగులేసే చోట థిన్నరు వాసన. వీటన్నిటినీ తోసుకుంటూ ఎక్కణ్ణుంచో ఎండుచేపల పులుసు వాసన వచ్చిందంటే అన్నం వేళయిందని లెక్క. సుత్తి చప్పుళ్ళు పొద్దున మొదలయితే పొద్దుగూకేదాకా ఆగేవి కావు. ఆదివారం మేం చర్చి నుంచి తిరిగొచ్చేసరికి అంతా నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దానికి నా చెవులు గుయ్యిమనేవి. మా ఇల్లు షెడ్ల వెనక సందులో ఉండేది. బడి సెలవులిచ్చారంటే నేను ఇంట్లో కన్నా నాన్న షెడ్డులోనే ఎక్కువ.

నాన్నది కార్లకు సొట్టలు తీసి రంగులేసే పని. ఆ పనంతా పెద్దమేస్త్రీ దగ్గర నేర్చుకున్నాడు. ఆయన అసలు పేరేమిటో నాకిప్పటికీ తెలియదు. తెల్ల మీసం, భుజాన ఎర్ర తువ్వాలు, బుగ్గన ఎప్పుడూ కిళ్ళీ. ఆటోనగర్‌లో ఆయన ఒక కారును నిమిరి "బాగుంది" అన్నాడంటే ఇక ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు. నాన్న ఆయన్ను వదిలి సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకుంటానన్నప్పుడు ఆయనకు ఎక్కడలేని కోపమొచ్చింది. పదిమందిలో అనేశాడు: "సుత్తి పట్టుకోటం వచ్చు నీకు. కానీ నీ చేతికి కళ్ళు లేవురా. వానలు పడేలోపు మళ్ళీ నా షెడ్డుకే వస్తావు, చూసుకో!"

ఆ మాట ఇంట్లో చెప్పి నాన్న ఆ పూట అన్నం తినలేదు. అమ్మ మేస్త్రీని తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టింది. నాయనమ్మ మాత్రం "చేతికి కళ్ళేందయ్యా, విడ్డూరం కాకపోతే! లే, లేచి అన్నం తిను," అంది.

నాయనమ్మ గురించి చెప్పాలి. ఆవిడ గుడివాడ దగ్గర కాలవ గట్టు మీద ఒక పల్లెలో పుట్టి, అక్కడే పెళ్ళాడి, ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం పొలాల్లో చాకిరీ చేసింది. ఊడ్పులు, కలుపులు, కోతలు, ఆ తర్వాత మాగాణిలో మినుము పీకడం. మినుము పీకిన చేతులు ఎలా ఉంటాయో చూసినవాళ్ళకే తెలుసు. అరచేతుల నిండా కాయలు, వేళ్ళ చివర పగుళ్ళు. పట్టుగుడ్డ ముట్టుకుంటే పోగులు లేచొచ్చేవి. అందుకని పసిపిల్లల్ని ఆవిడ ఎన్నడూ ఉత్త చేత్తో ముట్టుకునేది కాదు. "గీరుకుపోద్దమ్మా, లేత ఒళ్ళు," అంటూ కొంగు అరచేతికి చుట్టుకుని, ఆ గుడ్డ మీంచి నిమిరేది. నాన్నను అలాగే పెంచిందట. నన్నూ అంతే. నేను గంతులేసే వయసుకొచ్చినా ఆ అలవాటు మానలేదు. దాంతో నాకు తెలిసిన నాయనమ్మ చెయ్యంటే మంగళగిరి నూలుగుడ్డే. ఎన్ని ఉతుకులు ఉతికారో, వెన్నలా మెత్తబడిపోయిన పాత చీర.

గుడ్డ అడ్డమున్నా ఆవిడకు తెలియనిదంటూ లేదు. నా వీపు మీద ఒకసారి నిమిరి "రేపటికి చెమటకాయలు లేస్తాయి" అనేది. కంటికేమో వీపు శుభ్రంగా ఉండేది. మర్నాటికి లేచి కూర్చునేవి. ఒకసారి నేను మొండికేశాను, ఉత్త చేత్తో నిమిరితే గానీ పడుకోనని. "పోవే, నీ బుగ్గలు కందిపోతే మీ అమ్మ నన్ను కోస్తది," అని నవ్వేసింది గానీ నిమరలేదు. దొంగచాటుగా ఆ చెయ్యి పట్టుకోబోతే టక్కున కొంగులోకి లాక్కుంది. నాకు ఉడుకుమోత్తనం వచ్చి కాసేపు ఏడ్చాను కూడా.

ఇక నా ఘనకార్యాలు. సెలవుల్లో మా ఆట చింతగింజలాట. గింజను ఒక పక్క తెల్లబడేదాకా గచ్చు మీద అరగదీసి, పాచికల్లా వేసి ఆడేవాళ్ళం. అందరూ గచ్చు మీద గంటలకొద్దీ రుద్దుతుంటే, నేను మాత్రం నాన్న ఎమరీ కాగితం ముక్కలు కొట్టేసి చిటికెలో పని కానిచ్చేదాన్ని. నా గింజలు ఎంత నున్నగా ఉండేవంటే, వేస్తే దొర్లకుండా తిన్నగా జారి, నేను కోరిన పక్కే పైకుండేవి. "ఇది తొండి!" అని గోల పెట్టేవాళ్ళు. ఎమరీ కాగితం పోతోందని నాన్న, గింజలు మోసమని పిల్లలు, రెండు వైపులా తిట్లు తినేదాన్ని. అయినా సిగ్గులేదు నాకు.

ఆ ఎండాకాలమే ఒక తెల్ల కారు మా షెడ్డుకొచ్చింది. గుడివాడ వైపు రైసుమిల్లు కామందు గారిది. పాతకాలపు కారు, ఏనుగుపిల్లలా గుండ్రంగా ఉండేది. వాకిట్లో గడ్డిబండిని పక్కకు తిప్పుతుంటే బండి నొగ వచ్చి వెనక తలుపుకు గుచ్చుకుని ఇంత లోతున సొట్ట పడింది. కామందు గారు దిగుతూనే మొదలుపెట్టాడు.

"ఎప్పుడూ పెద్దమేస్త్రీ గారికే ఇస్తానయ్యా. ఆయన షెడ్డు నిండా బండ్లేనంట, ఖాళీ లేదన్నాడు. నువ్వు ఆయన శిష్యుడివేగా! మావాడి పెళ్ళి. ఊరేగింపు ఈ కారులోనే."

"చేసిపెడతానండీ," అన్నాడు నాన్న.

"చేస్తావులే. కానీ ఒక్క మాట విను. పగలు చూస్తే అన్ని కార్లూ బాగానే ఉంటాయి. ఊరేగింపులో అటూ ఇటూ పెట్రోమాక్సు లైట్లు మోస్తారా, ఆ వెలుగు పక్కవాటుగా పడ్డప్పుడు చూడాలి. సొట్ట తీసిన చోటు నీళ్ళమీద అలలాగా ఊగుద్ది. మా వియ్యంకుడు వాళ్ళు అసలే ఎత్తిపొడుపు మనుషులు. పాత కారుకి మసిపూసి తెచ్చారంటే నా పరువేం గాను? అందుకని, పనయ్యాక పెద్దమేస్త్రీ గారిని తీసుకొస్తా. ఆయన నిమిరి సరేనంటేనే బండి కదిలేది."

నాన్న మొహం కందగడ్డయింది. ఆయన నెమ్మదస్తుడే, కానీ ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. "తప్పకుండా తీసుకురండి. సొట్ట ఏ తలుపుకు పడిందో మాత్రం ఆయనకి చెప్పొద్దు. ఆయన పట్టుకున్నాడా, ఈ షెడ్డుకు తాళమేసి మళ్ళీ ఆయన దగ్గరే పనికి చేరతా. పట్టుకోలేకపోయాడా, ఈ షెడ్డు ఉంటుంది."

ఆ మాట విని అమ్మ ఇంట్లో నెత్తి కొట్టుకుంది. "ఎందుకొచ్చిన పంతాలు! మూతి మీద మీసం ఉంటే సరా!" అంది. అయినా నాన్న వేసిన పందెం అలాగే ఉండిపోయింది.

నాన్న పని మొదలుపెట్టాడు. లోపల్నుంచి ఇనప దిమ్మె ఆనించి, పైనుంచి సుత్తితో టకటకా కొట్టి సొట్ట లేపాడు. మిగిలిన చిన్నచిన్న గుంటల్లో బూడిదరంగు లప్పం పూశాడు. అది ఎండాక నీళ్ళు పోస్తూ ఎమరీ కాగితంతో రుద్దడం, మళ్ళీ లప్పం, మళ్ళీ రుద్దడం. ఆయన చేతులెప్పుడూ నీళ్ళలోనే. వేళ్ళ చివరలు తెల్లగా పాలిపోయి, ముడతలు పడి ఉండేవి. అయినా పని ఆపి మధ్యమధ్యలో తలుపును నిమురుకుని "నున్నగా వచ్చింది, అద్దం అనుకో!" అని మురిసిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం నేనూ నాయనమ్మా అన్నం క్యారేజీ తీసుకెళ్ళాం. గోంగూరలో ఎండురొయ్యలు, మామిడికాయ పప్పు, చెంబు నిండా మజ్జిగ. నాన్న తింటుంటే నాకు ఊరికే కూర్చోబుద్ధి కాలేదు. షెడ్డులో ట్యూబులైటు వెలుగుతోంది. లప్పం పూసిన తలుపేమో మట్టిగోడలా మసకగా ఉంది, దానిమీద మెరుపు లేదు. కింద బకెట్లో నీళ్ళున్నాయి. మగ్గుతో తీసుకుని తలుపు మీద ఫెళ్ళున కొట్టాను. అంతే, నీళ్ళు జారిపోయేలోపు తలుపంతా తళతళా మెరిసి, అందులో ట్యూబులైటు పొడుగ్గా కనబడింది. భలే ఉందే అనుకుని మళ్ళీ కొట్టాను. మళ్ళీ. కొట్టినప్పుడల్లా లైటు తిన్నగా వచ్చి, తలుపు పిడి కింద ఒకచోట పాములా మెలిక తిరుగుతోంది.

"నాన్నా, ఇక్కడ లైటు వంకర పోతోంది."

"వంకర నీ మొహం! లైటెక్కడన్నా వంకర పోతుందా? నీళ్ళు పారబోయకు," అన్నాడు నోట్లో ముద్ద పెట్టుకుని.

"ఒట్టు నాన్నా, చూడు!"

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి అక్కడ నిమిరాడు. "ఏం లేదు. నున్నగా ఉంది."

నేను మళ్ళీ నీళ్ళు కొట్టాను. ఈసారి ఆయన నా పక్కన వంగి చూశాడు. మెలిక కనబడింది. వెంటనే చేత్తో నిమిరితే ఏమీ తగల్లేదు. "చూస్తే ఉంది, ముట్టుకుంటే లేదు. ఏంటిది? దయ్యమా?" అని తల గోక్కున్నాడు. నానిపోయిన ఆ వేళ్ళకు ఏం తెలుస్తుంది పాపం!

"ఏదీ, నన్ను జూడనీ," అని లేచింది నాయనమ్మ.

"నీ చేతులు గరుకు గదమ్మా, లప్పం గీరుకుపోతుంది."

"నువ్వు పసోడివిగా ఉన్నప్పుడే గీరుకుపోలేదు. ఇదేం గీరుకుపోద్దిలే," అని, మామూలుగా నా బుగ్గ నిమరబోయేటప్పుడు చేసినట్టే కొంగు అరచేతికి చుట్టుకుంది. తలుపు మీద చెయ్యి ఆనించి, పసిబిడ్డను జోకొట్టినంత మెల్లగా, అటు నుంచి ఇటు నడిపింది. పిడి కిందకొచ్చేసరికి చెయ్యి ఆగింది. వెనక్కెళ్ళి మళ్ళీ వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఇదిగోనయ్యా, ఇక్కడ పల్లం. నీ చిన్నప్పుడు నీ నెత్తిమీద మాడు ఇట్టాగే తగిలేది నాకు."

నాన్న గబగబా తువ్వాలు చేతికి చుట్టుకుని నిమిరాడు. తువ్వాలు మరీ దళసరి, ఏమీ తెలియలేదు. నాయనమ్మ కొంగు లాక్కుని దానితో నిమిరాడు. అప్పుడు ఆయన మొహం చూడాలి! "అమ్మా! తగులుతోందే! కాస్త కాస్తగా తగులుతోంది! ఉత్త చేతికి తెలియంది గుడ్డలోంచి ఎట్టా తెలిసింది?"

"ఉత్త చెయ్యి గరుకునే పట్టుకు కూర్చుంటదయ్యా. ఆ గోలలో ఎత్తేందో పల్లమేందో తెలవదు. పల్చటి గుడ్డ అడ్డమేస్తే గరుకు నోరు మూసుకుంటది. మిగతాది అప్పుడు తెలుస్తది. పిల్లల్ని పెంచినోళ్ళని అడుగు, చెప్తారు."

ఆ మధ్యాహ్నం నుంచి మా ముగ్గురికీ అదే పని. నేను నీళ్ళు కొట్టి కంటితో చూడటం, నాయనమ్మ కొంగు చుట్టిన చేత్తో నిమరడం, నాన్న పెన్సిలు పట్టుకుని నిలబడటం. అదేమంత తేలిగ్గా సాగలేదు. నేను "ఇక్కడ అల!" అని అరుస్తాను. నాయనమ్మ నిమిరి "ఏం లేదు, తిన్నగా ఉంది," అంటుంది. చూస్తే అది పైన షెడ్డు కప్పు రేకు వంపు, దాని నీడ తలుపులో పడింది. నా కన్ను నన్నే బోల్తా కొట్టించింది. ఇంకోచోట నాయనమ్మ చెయ్యి ఆగుతుంది, "ఇక్కడ బొడిపె." నాకేమీ కనబడదు. "నీకు చాదస్తం నాయనమ్మా!" అంటే, "నువ్వు చోటు మార్చి చూడవే, నిలబడ్డ చోటే నిలబడితే ఏం కనబడుద్ది!" అని కసిరేది. వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని పక్కవాటుగా చూస్తే, అప్పుడు కనబడింది, వెంట్రుకంత మెలిక. నేను నోరెళ్ళబెట్టాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

చివరికి నాన్న ఒక కట్టుబాటు పెట్టాడు. కన్ను ఒక్కటే చెబితే నమ్మేది లేదు, చెయ్యి ఒక్కటే చెప్పినా నమ్మేది లేదు. ఇద్దరం ఒకే చోట "ఇక్కడ" అంటేనే పెన్సిలు గుర్తు పెట్టి అక్కడ రుద్దేవాడు. నాకు గర్వంతో కాళ్ళు నేలమీద ఆనేవి కావు. నా మాట మీద ఒక పెద్దమనిషి పని చెయ్యడం అంటే సామాన్యమా! చింతగింజలాట కూడా మానేశాను. ఇంటికెళ్ళాక కూడా అదే పిచ్చి. కంచం, కిటికీ ఊచ, ఎండబెట్టిన మామిడితాండ్ర, ఏది కనబడితే దాన్ని వంగి ఒక కంటితో చూడటం, గౌను అంచు చేతికి చుట్టుకుని నిమరడం. తాండ్రకు గౌను అతుక్కుపోయి అమ్మ చేతిలో దెబ్బలు పడ్డాయి.

రంగు వేసి, మెరుగు పెట్టడం అయ్యాక నాన్న ఇంకో పని చేశాడు. పట్టపగలు పెట్రోమాక్సు లైటు అద్దెకు తెచ్చి, షెడ్డు తలుపులు మూసి, వెలిగించి, దాన్ని పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. పక్క షెడ్ల వాళ్ళు సందుల్లోంచి తొంగి చూసి "ఏంటయ్యా, పెళ్ళి కారుకా నీకా?" అని ఎకసెక్కాలాడారు. లోపల మేం ముగ్గురం చెమటలు కక్కుతూ తలుపునే చూస్తున్నాం. వెలుగు దాని మీద పాలు జారినట్టు జారిపోయింది. ఎక్కడా ఆగలేదు.

"దేవుడికి స్తోత్రం," అంది నాయనమ్మ.

కామందు గారు చెప్పినట్టే పెద్దమేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. వార్త ఎలా పొక్కిందో, చుట్టుపక్కల షెడ్ల వాళ్ళంతా సుత్తులు పక్కన పడేసి గుమిగూడారు. మేస్త్రీ కిళ్ళీ ఉమ్మేసి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, కారు చుట్టూ ఒకసారి నడిచాడు. తర్వాత వంగి ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత చెయ్యి ఆనించాడు. పెద్ద అరచెయ్యి, కారు మీద తేలిపోతున్నట్టు కదులుతోంది. నా పక్కన నాయనమ్మ కళ్ళు మూసుకుని "ప్రభువా, నా బిడ్డ షెడ్డు నిలబెట్టు తండ్రీ" అని పైకే ప్రార్థన చేస్తోంది. నాన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

మేస్త్రీ చెయ్యి వెనక తలుపు మీదకొచ్చింది. పిడి కిందకొచ్చింది. ఆగింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన అక్కడే మరోసారి నిమిరాడు. వంగి చూశాడు. అప్పుడు చెయ్యి నెమ్మదిగా ముందుకు కదిలింది. అటు తిరిగి అవతలి పక్కకు వెళ్ళాడు. ముందు తలుపు దగ్గర చాలాసేపు ఆగి, నిమిరి, చూసి, మళ్ళీ నిమిరి, మీసం కింద చిన్నగా నవ్వాడు. జేబులోంచి సుద్దముక్క తీసి ఇంత సున్నా చుట్టాడు.

"ఇదిగో. ఇక్కడ తీశావు సొట్ట. బాగానే తీశావురా, కానీ నా చేతికి దొరికిపోయావు."

 కామందు గారు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "మేస్త్రీ గారూ! అది ఎవరూ ముట్టుకోని తలుపండీ! ఎప్పుడు బండెక్కినా నేను మోచెయ్యి ఆనించి కూర్చునే తలుపు! నా మోచేతి సొట్టని పట్టుకున్నారు మీరు!"

షెడ్డు షెడ్డంతా గొల్లుమంది. మేస్త్రీ నమ్మలేదు. నాన్న ఆయన్ను ఇవతలికి తీసుకొచ్చి అసలు చోటు చూపించాడు. ఆయన అక్కడ నిమిరాడు, గోటితో తట్టాడు, చెవి ఆనించి విన్నాడు. ఆఖరికి నిటారుగా నిలబడి నాన్నను ఎగాదిగా చూశాడు.

"ఎవర్రా నేర్పింది నీకు?"

"నేర్పింది మీరే మేస్త్రీ గారూ," అన్నాడు నాన్న.  "మీరన్నది నిజమే, నా చేతికి కళ్ళు లేవు. అందుకని చెయ్యి మా అమ్మది తెచ్చుకున్నా, కళ్ళు దీనివి తెచ్చుకున్నా," అని మా ఇద్దర్నీ చూపించాడు.

సంగతంతా విని మేస్త్రీ మీసం దువ్వుకున్నాడు. "అయితే మీ ఇంటిల్లిపాదీ కలిస్తే ఒక మేస్త్రీ అన్నమాట!" అని పకపకా నవ్వి, నాన్న భుజం మీద ఒక్కటి చరిచాడు. "షెడ్డు ఉంచుకో. ఆ సున్నా చుట్టిన చోటు కూడా బాగుచేసి ఇవ్వు, కామందు గారి పరువు నిలబడుద్ది." తర్వాత నాయనమ్మ వైపు తిరిగి చేతులు జోడించి, "ఆ గుడ్డ ఒక ముక్క నాక్కూడా ఇప్పించండమ్మా," అన్నాడు.

"ఇది నేను కట్టుకునే కోకయ్యా! రేపు పాతది చింపి పంపిస్తాలే," అంది నాయనమ్మ, కొంగు గట్టిగా పట్టుకుని.

ఆ తర్వాత ఆటోనగర్‌లో పాత నూలు చీరలకు గిరాకీ పెరిగింది. ఏ షెడ్డులో చూసినా మేకుకు ఒక మెత్తటి గుడ్డముక్క వేలాడుతూ ఉండేది. మా సందులో ఆడవాళ్ళంతా, దండెం మీద ఆరేసిన చీర మాయమైతే మా నాయనమ్మను తిట్టుకునేవాళ్ళు. పెద్దమేస్త్రీ మాత్రం కొత్త పని వచ్చినప్పుడల్లా ఏదో ఒక సాకుతో మా షెడ్డుకొచ్చి, మజ్జిగ తాగి, నాన్న పనిలో ఒక వంక పెట్టి మరీ వెళ్ళేవాడు. ఇప్పుడా రేకుల షెడ్లు లేవు, వాళ్ళెవరూ లేరు. సొట్ట పడితే తలుపు మొత్తం తీసేసి కొత్తది బిగిస్తున్నారు.

ఆ రోజు సంగతి ఒకటి చెప్పలేదు, ఆఖరికి దాచుకున్నాను. మేస్త్రీ సుద్దతో సున్నా చుట్టి, కామందు గారు నవ్వడం మొదలుపెట్టాడు చూశారా, సరిగ్గా అప్పుడు నాయనమ్మ "గెలిచావే నా తల్లీ!" అని నా వైపు తిరిగి, నా మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. సంతోషంలో కొంగు సంగతి మరిచిపోయింది. ఉత్త చేతులు. ఎమరీ కాగితం కన్నా గరుకు. అన్నాళ్ళూ కంటితో చూసి ఇలా ఉంటాయి కాబోలు అనుకున్న కాయలూ పగుళ్ళూ అన్నీ నా బుగ్గలకు ఒక్కసారిగా తెలిశాయి. ఆవిడకు గుర్తొచ్చి "అయ్యో" అని చేతులు లాక్కోబోయింది. నేను వదల్లేదు. రెండు మణికట్లూ పట్టుకుని, ఆ చేతుల్ని నా బుగ్గలకు గట్టిగా అదుముకున్నాను. కందిపోతే కందిపోనీ అనుకున్నాను. నా జన్మలో నేను అంత సంతోషంగా ఉన్న రోజులు చాలా తక్కువ.

షోరూములో కుర్రాడు అడిగాడు, "ఎలా ఉంది మేడమ్?" అని. "నున్నగా ఉంది బాబూ, ఒక్క వంక లేదు," అన్నాను. మా అమ్మాయి అదే కొనుక్కుంది. తాళాలు చేతికొచ్చిన రోజున చిన్నపిల్లలా గెంతుతూ వచ్చి నా ముందు నిలబడితే, నేను కొంగు చుట్టుకోలేదు. అంట్లు తోమీ తోమీ బండబారిన ఈ చేతులతోనే దాని మొహాన్ని పట్టుకున్నాను.

"అబ్బ, గీరుకుంటోందమ్మా!" అంది.

అందే గానీ, మొహం పక్కకు తిప్పుకోలేదు.